గీత పడని బండి

"నాకు గొప్పలు చెప్పుకునుడు చాతకాదు," అని మొదలుపెట్టాడు దయానందం.

మామూలు రోజైతే ఆ మాట నోట్లోంచి బయట పడీపడకముందే పక్కనున్న రాజనర్సయ్య "ఇగ షురూ అయింది" అనేవాడు. అమీర్‌పేటలో ఒకే సందులో పక్కపక్క షట్టర్లు వాళ్లవి. ఖరీదైన కార్ల పెయింటు మీద గీతలు పడకుండా కంటికి కనపడని సన్నటి ప్లాస్టిక్ పొర అంటిస్తాడు దయానందం. ఆ పొరను వాళ్లు ఫిల్మ్ అంటారు. రాజనర్సయ్య కార్ల సీట్లకు కవర్లు కుడతాడు. ఇన్నేళ్లలో దయానందం కోసిన ఏ కోతనూ రాజనర్సయ్య చివరిదాకా సాగనివ్వలేదు. ఎక్కడో ఒకచోట ఒక్క మాట గుచ్చి గాలంతా తీసేసేవాడు. సందులో వాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరేది దయానందం కథ కోసం కాదు, రాజనర్సయ్య ఎక్కడ గుచ్చుతాడో చూడ్డానికి.

ఈ రోజు రాజనర్సయ్య ఏమీ అనలేదు.

వాళ్లు కూర్చున్నది తమ సందులో కాదు. పంజాగుట్టలో ఒక ఆస్పత్రి ఎదురుగా, కృష్ణమోహన్ టీ కొట్టు ముందున్న బెంచీ మీద. రాజనర్సయ్య భార్య స్వరాజ్యాన్ని పొద్దున్నే ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయారు. గుండెలో ఒక కవాటం పాడైందని, ఛాతీ కోసి మార్చాలని చెప్పారు. పైన ఒక్క మనిషినే ఉండనిస్తారంటే కూతురు చంద్రిక ఉంది. రాజనర్సయ్య కిందికొచ్చి బెంచీ మీద కూలబడ్డవాడు మళ్లీ నోరు విప్పలేదు. చేతిలో చాయ్ మీగడ కట్టింది. దయానందం భార్య అమృతమ్మ కట్టిచ్చిన ఇడ్లీ డబ్బా మూత తీయకుండానే ఉంది.

దయానందం తనకు చేతనైనవన్నీ చేసి చూశాడు. ఫికర్ చేయకు అన్నాడు. జర తిను అన్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. రాజనర్సయ్య మాత్రం ఆస్పత్రి గేటు వైపే చూస్తున్నాడు, ఆ గేటు తప్ప ఊర్లో ఇంకేమీ లేనట్టు. ఇక దయానందానికి మిగిలింది ఒక్కటే విద్య. ఆలోచించి ఆలోచించి ఎర్ర కారు కథ ఎత్తుకున్నాడు. ఎందుకంటే ఆ కారు సంగతి మొదటి నుంచి చివరి దాకా రాజనర్సయ్య కళ్లారా చూసినవాడు. అబద్ధం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. చెయ్యి చాపితే అందుతుంది.

"పోయిన యేడు వానాకాలం," అన్నాడు గొంతు పెంచి, కొట్టు దగ్గరున్న వాళ్లందరికీ వినపడేలా. "శ్రీనగర్ కాలనీ నుంచి ఒకాయన మా షాపుకు బండి తెచ్చిండు. స్పోర్ట్స్ కారు, ఎర్రది. నేల మీద పండుకున్నట్లే ఉంటది, లోపలికి పోవాలంటే వంగుడు కాదు, పాకాలె. ఆ పెయింటు చూస్తే తాకబుద్ధి కాదు, మన ఊపిరి తగిలినా మాసిపోతదేమో అనిపిస్తది. 'దయానందం, దీని మీద గీత పడొద్దు' అన్నడు. 'పడది సార్' అన్న. ముందటి బానెట్ ఉన్నది చూడు, మంచమంత. మామూలుగ అయితే ఇద్దరు చెరో దిక్కు పట్టుకొని ఫిల్మ్ పరుస్తరు. నేనొక్కన్నే పట్టుకున్న. సబ్బు నీళ్లు కొట్టిన, ఫిల్మ్ పరిచిన, రబ్బరు పట్టీ తోని అడుగున ఉన్న నీళ్లన్నీ ఒక్కటే గుంజుడు. ఒక్క బుడగ లేదు!"

అని ఆగాడు. అసలు ఆ బానెట్ ఫిల్మ్ రెండో కొస పట్టుకున్నది రాజనర్సయ్యే. దయానందం ఓరగా చూశాడు. రాజనర్సయ్య రెప్ప కూడా కదపలేదు.

"బుడగ అంటే ఏంది కొడుకా?" అని అడిగింది లచ్చమ్మ. కొట్టు పక్కనే జామకాయల గంప పెట్టుకుని కూర్చునే ముసలామె.

"ఫిల్మ్ కింద గాలి ఇరుక్కుంటె బుడగ, అమ్మా. ఒక్కటున్నా చాలు, ఎండల మెరిసి మా ఇజ్జత్ తీస్తది. సరే విను. అంటిచ్చుడు అయినంక ఓనర్ వచ్చి బండి చుట్టూ తిరిగిండు. 'ఏడున్నదయ్యా ఫిల్మ్?' అంటడు. 'ఉన్నది సార్' అన్న. 'నాకు కనవడ్తలేదు' అంటడు. 'కనవడకపోవుడే దాని గొప్ప సార్' అన్న. నమ్మడు. అప్పుడు నేనేం చేసిన్నో తెలుసా? జేబులకెల్లి తాళంచెవి తీసి, ఆయన కండ్ల ముందట్నే బానెట్ మీద సర్రుమని గీకిన!"

"అయ్యయ్యో!" అన్నాడు కృష్ణమోహన్, పాలు పొంగుతున్నా చూసుకోకుండా. "ఏంటండీ దయానందం గారూ, అంత బండి మీదా!"

"ఆయన అక్కడ్నే గోడకు ఒరిగిండు. మాట లేదు. నేను ఫికర్ లేకుండ ఒక గిలాసల ఉడుకు నీళ్లు తెచ్చి ఆ గీత మీద పోసిన. గీత సాఫ్! ఏడ గీకిన్నో నాకే దొరకలే. వేడి తగిల్తె దానంతట అదే మానుతది ఆ ఫిల్మ్."

ఇంతవరకూ కథ నేల మీదే ఉంది. పైపైన పడిన సన్నటి గీత ఉడుకు నీళ్లకో ఎండకో పోవడం నిజమే. నిజం మీద రాజనర్సయ్య ఎప్పుడూ సూది వేయడు. అందుకే దయానందం ఇక నేల వదిలాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన బండి తీస్కొని పోయిండా, అది ఆషాఢం, బల్కంపేట ఎల్లమ్మ తల్లి తాన జనమంటే జనం. బండి పోయి ఆ జనంల ఇరుక్కున్నది. ముందుకు పోరాదు, వెనుకకు రారాదు. డప్పులోళ్లు అటు నుంచి, బోనాలెత్తుకున్న ఆడోళ్లు ఇటు నుంచి, అందరి గాజులు దానికే తగుల్తున్నయ్, పిల్లగాండ్లు బానెట్ ఎక్కుతున్నరు, జర్రున జారి కింద పడ్తున్నరు, మళ్ల ఎక్కుతున్నరు. గీత పడిందా? పడలే. ఇంతల ఒక మేకపోతు తాడు తెంపుకొని వచ్చి కొమ్ముల తోని ఒక్కటి కుమ్మింది. కొమ్ములు జారినయ్, కొమ్ముల ఎన్క మేక జారింది, బండి మీదికెల్లి జారుకుంట జారుకుంట పోయి ఎస్సార్ నగర్ల తేలింది. ఆ తల్లి దయ, ఆ మేక ఇప్పటికి బతికే ఉన్నది!"

లచ్చమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అవతల బండి ఆపుకుని చాయ్ తాగుతున్న ఆటో అతను కూడా నవ్వాడు. రాజనర్సయ్య మాత్రం మణికట్టుకు కట్టుకున్న ఎల్లమ్మ పసుపు దారాన్ని మెల్లగా తడుముకున్నాడు. అప్పుడు తట్టింది దయానందానికి. ఏటేటా బల్కంపేటకు బోనమెత్తుకుని నడిచే స్వరాజ్యం ఈ ఏడు నాలుగడుగులకే ఆయాసపడి ఇంటి గడపలోనే కూర్చుండిపోయింది. బోనం చంద్రిక ఎత్తుకుంది. ఎక్కడికని పోనిచ్చాను కథని, అనుకుని దయానందం నాలుక కరుచుకున్నాడు. అక్కడ ఆగితే ఆ ఆలోచన అక్కడే కూర్చుంటుందని ఊపిరి కూడా తీసుకోకుండా అందుకున్నాడు.

"అగో, గంతట్ల రాళ్ల వాన!"

"ఆషాఢంలో వడగళ్లేంటండీ?" అన్నాడు కృష్ణమోహన్.

"హైదరాబాద్‌ల ఎప్పుడేం పడ్తదో ఎవలికెరుక? నువ్వు చాయ్ పొయ్యి. ఒక్కో రాయి జామకాయంత. వేరే బండ్ల అద్దాలు టపటప పగుల్తున్నయ్. మన బండి మీద పడ్డ రాయి పడ్డట్టే ఎగిరి మబ్బులకు పోతున్నది. పోయిన రాళ్లు మళ్ల కింద పడాలె గదా? గాలికి కొట్టుకపోయి ఎర్రమంజిల్‌ల ఆఫీసుల మీద పడ్డయ్. ఆఫీసోళ్లు ఫైళ్లు పక్కకు వెట్టి గిలాసలు పట్టుకొని బైటికి ఉరికిండ్రు. ఆ దినం ఎర్రమంజిల్‌ల మజ్జిగ తాగనోడు లేడు, చల్లగ, ఐసు ముక్కల తోని!"

రాజనర్సయ్య వైపు చూశాడు. లేదు. మనిషి ఇక్కడ ఉన్నాడు గాని వినడం లేదు. దయానందానికి లోపల ఎక్కడో భయం మొదలైంది. ఇంత పెద్ద అబద్ధాన్ని రాజనర్సయ్య ఊరికే పోనిచ్చిన రోజు ఒక్కటి కూడా గుర్తు రాలేదు అతనికి. ఎదురుగా గుంట తీసి పెట్టినా తూలకుండా దాటిపోతున్నాడు. ఇంకా పెద్దది తవ్వాలి.

"నున్నగ అంటే ఎంత నున్నగనో తెలుసా? కాకి వాలితే కాకి జారింది. నీడ పడితే నీడ జారింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కినంక ఆయన ఇంజన్ బంద్ చేసిండు, గాలి ఆపితే గదా బండి ఆగేది, గాలే జారిపోతుంటే ఇంకెట్ల ఆగుతది? అట్లనే పోతున్నది. ట్రాఫిక్ ఆయన చలాన్ రాద్దామని ఫోటో తీసిండు. ఏమైంది? చూపు సుత జారింది! ఫోటోల ఎర్ర బండి లేదు, పక్కన పోతున్న ఆటో పడ్డది. పాపం, చలాన్ ఆటోకు వచ్చింది."

"అగో, మొన్న నాకొచ్చింది అదేనా అన్నా?" అని అరిచాడు ఆటో అతను. అందరూ ఘొల్లున నవ్వారు.

నవ్వు ఊపులో దయానందం ఇంకో మెట్టెక్కాడు. "ఓ దినం ఆ బండికి బస్సు తగిలి పక్కన సొట్ట పడ్డది. 'ఎండల పెట్టు సార్' అన్న ఫోన్ల. పొద్దూకే సరికి సొట్ట లేదు. అంత సత్తువ ఆ ఫిల్మ్‌ల! ఇంకో ముచ్చట చెప్త, నమ్మితె నమ్ము. ఆ ఓనర్‌కు చిన్నప్పుడు నుదురు మీద దెబ్బ తాకి గాటు ఉండె. బానెట్‌కు తల ఆనిచ్చి జర కునుకు తీసిండు. లేచి అద్దంల చూస్కుంటె గాటు మాయం. మానింది. ఎన్నడు దెబ్బే తాకనట్లు మానింది!"

రాజనర్సయ్య తలెత్తాడు.

ఇదిగో, ఇప్పుడు గుచ్చుతాడు, అనుకున్నాడు దయానందం.

"దయా," అన్నాడు రాజనర్సయ్య. పొద్దున్నుంచి మాట్లాడక గొంతు ఎండిపోయి ఉంది. "కోసినంక కుట్లు వేస్తరు గదా. అవి సుత మానుతయా?"

ఎవరూ నవ్వలేదు. కృష్ణమోహన్ స్టవ్ మంట తగ్గించాడు. రాజనర్సయ్య వెటకారంగా అడగలేదు. తెలిసినవాణ్ని అడిగినట్టు అడిగాడు. ఆ చూపు ముందు కోత కోయడానికి దయానందానికి ధైర్యం చాలలేదు.

"మానుతయ్ రా," అన్నాడు చివరికి, స్నేహితుడి మోకాలి మీద చెయ్యి వేసి. "ఫిల్మ్ తోని కాదు. ఒళ్లే మాన్పుకుంటది. మా నేతన్ పుట్టినప్పుడు అమృతకు కోసిండ్రు, గుర్తున్నదా? ఎంత భయపడ్డ నేను. నెమ్మదిగ మానింది. జర నొస్తది, దినాలు పడ్తది, గని మానుతది."

రాజనర్సయ్య తలూపాడు. తలూపి మళ్లీ గేటు వైపు తిరిగాడు. మెట్రో రైలు పైనుంచి పోయింది. అది పోయాక మిగిలిన నిశ్శబ్దం దయానందానికి నచ్చలేదు. ఆ నిశ్శబ్దంలో రాజనర్సయ్య ఏమేం ఆలోచిస్తున్నాడో అతనికి తెలుసు, ఎందుకంటే తానూ అవే ఆలోచిస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. ఏది దొరికితే అది.

"ఇంకోటి మర్చిపోయిన," అన్నాడు. ఈసారి గొంతులో అంత ఊపు లేదు. "ఆ బండి సీటు చిరిగింది. తోలు సీటు, కుట్టు విడిచింది. ఆయన కంపెనీ తాన అడిగిండు, వాళ్ల తోని కాలే. బొంబాయిల అడిగిండు, కాలే. ఆఖరికి నేనే కూసున్న. సూదిల దారం ఎక్కిచ్చిన, కన్ను మూసి తెరిచే లోపల కుట్టి ఇచ్చిన. కుట్టు ఏడున్నదో కుట్టిన నాకే..."

"ఎవరు కుట్టిండ్రు?" అన్నాడు రాజనర్సయ్య.

"నేనే."

రాజనర్సయ్య బెంచీ మీద పూర్తిగా ఇటు తిరిగాడు. "ఎవరు కుట్టిండ్రు రా?"

"నేనే అంటున్న గదా."

"నువ్వా? సూదిల దారం ఎక్కిచ్చుడు వస్తదారా నీకు? అంగీ గుండీ ఊడితే మా ఇంటికి ఉరికొస్తవ్! ఇగో, గీ గుండీ ఎవరు కుట్టిండ్రు? చెప్పు!" అని దయానందం ఛాతీ మీద వేలుతో పొడిచాడు. తెల్ల చొక్కా, గుండీ చుట్టూ నీలం దారం. "తెల్ల అంగీకి నీలం దారమేందే అంటె, 'కనవడితె కనవడనీ, ఎవరు కుట్టిండ్రో ఈయనకు యాదికుంటది' అన్నది స్వరాజ్యం. అనలే?"

"అన్నది," అని ఒప్పుకున్నాడు దయానందం.

"తోలు సీటు కుట్టిండట! ఆ సీటు నేను కుట్టిన, మా షట్టర్ల, నువ్వు ఎదురుంగ కూసోని బఠానీలు తిన్నవ్. ఇంక ఆ బానెట్. ఒక్కనివే పట్టుకున్నవా? రెండో దిక్కు ఎవరున్నరు? నా చేతులు నొప్పి పుట్టలే? బుడగ రాలేదా? అరచెయ్యంత బుడగ వచ్చిందమ్మా," అని లచ్చమ్మ వైపు తిరిగాడు, "మొత్తం పీకి మళ్ల అంటిచ్చినం. ఆ బండి జాతరకు పోయిందా? ఆ దినం అది మా షట్టర్లనే ఉండె, దాని మీద దుప్పటి కప్పి ఉండె. మేక లేదు, మజ్జిగ లేదు. ఓనర్ నుదురు మీద గాటు ఎన్నడు లేదు, బట్టతలాయన, ఉంటే కనవడకపోతదా?"

జనం విరగబడి నవ్వారు. ఆటో అతను కళ్లు తుడుచుకున్నాడు. దయానందం పరువంతా ఆ బెంచీ ముందు నేల మీద పడి ఉంది, అతని ముఖంలో మాత్రం పండగ కనపడుతోంది. "అట్లనా? నాకెందుకో మేక ఉన్నట్లే యాది," అని గొణిగాడు, ఇంకో పోటు పడుతుందేమోనన్న ఆశతో.

పడలేదు. రాజనర్సయ్య చెయ్యి ఇంకా ఆ గుండీ దగ్గరే ఉంది. నీలం దారాన్ని గోటితో ఒకసారి తాకాడు. పొద్దున్నుంచి బిగబట్టిన ఏడుపంతా అప్పుడు వచ్చింది, చప్పుడు లేకుండా. దయానందం అతన్ని తన భుజం దగ్గరికి తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎటో చూశారు. కాసేపటికి రాజనర్సయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇడ్లీ డబ్బా మూత తీసి ఒక ముక్క తుంచాడు. కృష్ణమోహన్ అడక్కుండానే చల్లారిన చాయ్ తీసేసి వేడిది పెట్టాడు.

"తినండి రాజనర్సయ్య గారూ," అన్నాడు. "మేక సంగతి మాత్రం నేను నమ్మానండి."

చంద్రిక వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ బెంచీ మీదికి పాకింది. రోడ్డు దాటి పరుగున వస్తున్న కూతుర్ని చూసి రాజనర్సయ్య లేచి నిలబడ్డాడు.

"బాపూ, అయిపోయింది. మంచిగనే అయిందన్నరు డాక్టర్. గుండె దానంతటదే కొట్టుకుంటున్నదట. ఇంక జాగ్రత్తగ చూడాలె అన్నరు, గని మంచిగ అయిందన్నరు. ఒక్కసారి చూసి పొమ్మన్నరు, పా."

రాజనర్సయ్య దయానందం వైపు చూశాడు. కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు.

దయానందం ఒక్కడే మిగిలాడు. "స్తోత్రం ప్రభువా," అన్నాడు పైకే. లచ్చమ్మ ఒక జామకాయ తీసి అతని చేతిలో పెట్టింది. తినకుండా దాన్నే తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపైందో తెలియదు.

రాజనర్సయ్య గేట్లోంచి బయటికి వచ్చినప్పుడు అతని నడకే వేరుగా ఉంది. భుజాలు నిటారుగా ఉన్నాయి. వెనక చంద్రిక వస్తోంది. అతను వచ్చి బెంచీ మధ్యలో, రోజూ దయానందం కూర్చునే తీరున కాళ్లు బార్లా చాపి కూర్చున్నాడు.

"ఎట్లున్నది వదిన?" అన్నాడు దయానందం.

"ఎట్లుండుడేంది! నేను లోపలికి పోంగనే కండ్లు తెరిచింది. తెరిచి, 'తిన్నవా?' అన్నది. 'ఇప్పుడే, ఒక్క ఇడ్లీ' అన్న. అయ్యో, ఇగ తిట్టుడు షురూ! 'నేనిక్కడ పండుకుంటె నువ్వు పస్తులుంటవా' అని ఆ గది దద్దరిల్లింది. డాక్టర్లు ఉరికొచ్చిండ్రు. నర్సమ్మ చెవులు మూస్కున్నది. ఆమె చుట్టూ టిక్కుటిక్కుమనేటి మిషిన్లుంటయ్ గదా, అన్నీ టక్కున బంద్ అయి ఆమె మాటే విన్నయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దయానందం నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు. ఈ కథలో ఎక్కడ గుచ్చాలో అతనికి కనపడుతూనే ఉంది. ఒక చోట కాదు, ఎక్కడ వేలు పెడితే అక్కడ. ఇన్నేళ్ల బాకీ ఒక్క దెబ్బతో తీర్చుకోవచ్చు.

"ఏమైంది?" అన్నాడు మెల్లగా. "చెప్పు."

"లేచి కూసున్నది! 'ఇంటికి పోదాం పా, నా చెప్పులేవి' అన్నది. అందరు పట్టుకొని పండవెట్టేసరికి..."

"బాపూ," అంది చంద్రిక. వంగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మ ఇంక కండ్లు తెర్వలే గదా. మత్తుల ఉన్నది, రేపటి దాంక గట్లనే ఉంటదన్నరు. మాట్లాడింది నువ్వొక్కనివే."

రాజనర్సయ్య ఆగిపోయాడు. ఆటో అతను గ్లాసు కింద పెట్టడం కూడా చప్పుడు కాకుండా పెట్టాడు. రాజనర్సయ్య తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు విప్పి చూసుకున్నాడు.

"నా వేలు పట్టుకున్నది," అన్నాడు. "జరంత. పట్టుకొని విడిచింది."

దయానందం తలెత్తి చంద్రిక ముఖంలోకి చూశాడు.

"అది నిజమే, కాకా," అంది చంద్రిక. "నేను సుత చూసిన."